ఒక ప్లేటు, ఒక నల్ల ఇంకు: ఇంట్లోనే మోనోప్రింట్

మోనోప్రింట్ అంటే పలక మీద ఇంకుతో బొమ్మ వేసి కాగితం మీదికి దింపడం. అది నేర్చుకుందామనుకునే వాళ్లు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, అచ్చు తీయడానికి వాడే మెత్తటి పలక, అదే జెల్ ప్లేట్, ఎక్కడ దొరుకుతుంది అని. ఇప్పుడే కొనకండి. ముందు మన విజయవాడలో గవర్నర్‌పేట వైపు వెళ్లి ఏదైనా ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో అడగండి, వాడేసిన అల్యూమినియం ప్లేటు ఒకటి, డబ్బా అడుగున మిగిలిన నల్ల ఇంకు కాస్త, కటింగ్ మిషన్ పక్కన పడేసిన కాగితం ముక్కలు ఒక కట్ట. పుస్తకాలు, క్యాలెండర్లు, పెళ్లి కార్డులు తెల్లవార్లూ అచ్చవుతూ ఉండే ఊళ్లో ఉంటున్నాం మనం, ఈ వస్తువులు వాళ్లకి చెత్త కిందో పాత ఇనుప సామాను కిందో పోయేవే, పని తగ్గిన సమయం చూసుకుని మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు, లేకపోతే తూకం వేసి అమ్ముతారు. గుంటూరులో ఉన్నవాళ్లకీ ప్రెస్సులకు కొదవేం లేదు. ఈ మూడింటితో నెల రోజులు పని చేశాక మిగతావి కొనండి, అప్పుడు ఏది అవసరమో మీ చేతికే తెలుస్తుంది.

పేరు సంగతి ముందే చెప్పేస్తాను. ఏ గీతా, ఏ చెక్కడమూ లేని నున్నటి పలక మీద ఇంకుతో బొమ్మ వేసి, అది ఆరకముందే కాగితం మీదికి దింపితే దాన్ని మోనోటైప్ అంటారు. పలక మీద చెరగని ఆకారం ఒకటి ముందే ఉండి, రంగు పూసే తీరు మాత్రం ప్రతిసారీ మారుతుంటే అది మోనోప్రింట్. పెడన కలంకారీలో వాడే టేకు అచ్చు ఉంది కదా, దాన్ని ఒకసారి సగానికి నీలం పూసి, ఇంకోసారి అంచులు తుడిచి, మరోసారి మధ్యలో దారం పోగు పెట్టి అద్దితే వచ్చేవి మోనోప్రింట్లు. మాట్లాడుకునేటప్పుడు అందరూ రెండింటినీ మోనోప్రింట్ అనేస్తారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తున్నాను. ఎగ్జిబిషన్‌కి పంపేటప్పుడు మాత్రం సరైన పేరు రాయండి.

1640ల్లో జెనోవా నగరపు చిత్రకారుడు జొవాన్ని బెనెడెట్టో కాస్తిలియోనె చేసినవే మొదటి మోనోటైపులని చెబుతారు. ఆయన రాగిరేకు మీద ఇంకు పూసి, చీకట్లోంచి వెలుగు తుడిచి తీశాడు. మనం మొదలుపెట్టబోయేదీ సరిగ్గా అదే పద్ధతి.

సామాను

అల్యూమినియం ప్లేటుకి అచ్చు పడిన వైపు కంటికి కనపడనంత సన్నటి గరుకు ఉంటుంది. అది ఇంకుని పట్టుకుని వదలదు, ఎంత తుడిచినా తెలుపు రాదు. అందుకని వెనక వైపు, నున్నగా ఉండేది, వాడండి. ఏ4 కాగితం కన్నా కొంచెం చిన్నగా కత్తిరించుకోండి. అంచులు బ్లేడులా ఉంటాయి, నాలుగు పక్కలా టేప్ అంటించకుండా ముట్టుకోవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు. దీంతోపాటు అద్దాల కొట్లో 5 మిల్లీమీటర్ల అద్దం ముక్క ఒకటి అంచులు అరగదీయించి తెచ్చుకోండి, ఇంకు పరుచుకోవడానికి. పిల్లలతో చేస్తుంటే అద్దం బదులు యాక్రిలిక్ షీట్ మంచిది.

రోలర్ మీద మాత్రం పిసినారితనం వద్దు. గోడలకి రంగు వేసే స్పాంజి రోలర్ ఈ పనికి రాదు, అది ఇంకుని తాగేస్తుంది, పైగా బుడగలు బుడగలుగా వదులుతుంది. ఆర్ట్ సామాను అమ్మే చోట లినో ప్రింటింగ్ రోలర్ అని అడగండి, మెత్తటి రబ్బరుది, నాలుగు అంగుళాల వెడల్పుది. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. పని కాగానే రబ్బరు కింద ఆనకుండా బోర్లా పెట్టాలి, లేదంటే ఆనిన చోట చదునై ప్రతి ప్రింటులోనూ ఒక చార కనిపిస్తుంది.

ఇక పాత బనియన్ గుడ్డలు, ఇయర్ బడ్స్, చీపురు పుల్లలు, పాత టూత్ బ్రష్, విరిగిన దువ్వెన, ఒక స్టీలు గరిటె. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, దాని కాడకి ఎర్ర దారం కట్టేయండి, ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

ఇంకు ఎంత

ఈ కళలో పోయే ప్రింట్లలో చాలావరకు ఇంకు ఎక్కువై పోయేవే. తక్కువైతే బొమ్మ పాలిపోతుంది, దాన్ని చూసి నేర్చుకోవచ్చు, ఎక్కువైతే మాత్రం గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కాగితం పలకకి బంకలా అతుక్కుని ఏమీ మిగలదు. ఏ4 సైజు ప్లేటుకి రెండు శనగగింజలంత చాలు. చూడగానే ఇంతేనా అనిపిస్తుంది, నిజంగానే అంతే.

దాన్ని అద్దం మీద కరణీతోనో పాత ప్లాస్టిక్ కార్డుతోనో ఒక గీతలాగా పరిచి, రోలర్‌ని ఆ గీత మీదుగా ముందుకి తోయండి, చివరికి వచ్చాక పైకెత్తి మళ్లీ మొదటి నుంచి తోయండి. ఎత్తకుండా ముందుకీ వెనక్కీ లాగుతూ ఉంటే రోలర్ మీద ఇంకు ఒకే చోట చేరుతుంది. నిలువుగా కాసేపు, అడ్డంగా కాసేపు. ఇప్పుడు కళ్లు మూసుకుని వినండి, నేను నేర్పేటప్పుడు దీనికే ఎక్కువ సమయం ఇస్తాను. ఇంకు ఎక్కువగా ఉంటే రోలర్ జిగటగా చప్‌చప్‌మంటుంది, ఇంకు మీద బత్తాయి తొక్కలా గుంటలు గుంటలు కనిపిస్తాయి. సరిపోయినప్పుడు పట్టుచీర కుచ్చిళ్లు ఒకదానికొకటి రాసుకున్నట్టు సన్నటి గరగర వినపడుతుంది, పైన వెల్వెట్ మెరుపు తప్ప గుంటలు కనపడవు. చప్‌చప్‌మంటోందంటే రోలర్‌ని పాత న్యూస్ పేపర్ మీద రెండుసార్లు దొర్లించి మళ్లీ మొదలుపెట్టండి. ఈ శబ్దం గుర్తుపట్టడం వస్తే మీరు ఏ ఇంకుతోనైనా పని చేయగలరు.

ఆఫ్‌సెట్ ఇంకు గట్టిగా, జిగటగా ఉంటుంది. చేతితో నొక్కి తీసే ప్రింటుకి అంత గట్టితనం అక్కర్లేదు, రెండు మూడు చుక్కల లిన్సీడ్ ఆయిల్ కలిపి కరణీతో బాగా నూరండి. మరీ పలచనైతే చిటికెడు టాల్కమ్ పౌడర్ కలిపి సరిచేసుకోవచ్చు. ఈ ఇంకుతో ఉన్న పెద్ద మేలు ఏమిటంటే పలక మీద గంటల తరబడి తడిగానే ఉంటుంది, మీరు నిదానంగా ఆలోచించుకుంటూ తుడుచుకోవచ్చు. యాక్రిలిక్ రంగు ఆ అవకాశం ఇవ్వదు, మన ఊళ్లో అయితే అస్సలు ఇవ్వదు.

చీకట్లోంచి తుడిచి తీయడం

ప్లేటు మొత్తం పలచగా నల్ల ఇంకు పరవండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది నల్లటి రాత్రి, ఎక్కడ తుడిస్తే అక్కడ వెలుగు. మొదటి బొమ్మకి నేను ఎప్పుడూ రాత్రిపూట ప్రకాశం బ్యారేజీనే చెబుతాను. 1957లో ప్రారంభమైన ఆ బ్యారేజీకి 70 గేట్లు, వాటి మధ్య స్తంభాలు వరసగా, పైన దీపాలు, కింద కృష్ణలో ఆ దీపాల వెలుగు గీతలు గీతలుగా కదులుతూ ఉంటుంది. సీతానగరం వైపు నిలబడి ఒక పది నిమిషాలు ఊరికే చూసి రండి, ఫోటో తీయకపోయినా పర్లేదు. ఇంటికొచ్చి ఇయర్ బడ్‌తో ఒక్కో దీపానికి ఒక్కో చుక్క తీసేయండి, గుడ్డ చుట్టిన వేలితో ఆ చుక్క కిందుగా నీళ్లలోకి ఒక లాగు లాగండి, నీళ్ల అలలకి దువ్వెనతో అడ్డంగా ఒకసారి గీయండి. స్తంభాలకి చీపురు పుల్ల. ఆకాశంలో గుడ్డని తేలిగ్గా ఒత్తి తీస్తే మబ్బు వస్తుంది. పూర్తి తెలుపు కావాలంటే గుడ్డకి ఒక్క చుక్క నూనె అద్ది తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆ నూనె తీసేయండి, నూనె మిగిలితే కాగితం మీద పసుపు మరక పడుతుంది.

ఒక గుడ్డకి నాలుగు రకాల తుడవడాలు ఉంటాయి, లాగడం, ఒత్తడం, తిప్పడం, చివరతో గీకడం. వాటిని కలగాపులగం చేయకుండా ఒక్కోదాన్ని విడిగా ఒక ప్రింటులో చేసి చూడండి. పది ప్రింట్లు తీశాక మీకంటూ ఒక తుడుపు ఏర్పడుతుంది.

పలక మీద వేసింది కాగితం మీద కుడిఎడమలు తిరగబడి వస్తుందని మర్చిపోవద్దు. బ్యారేజీకి ఇటు కొండ ఉంటే ప్రింటులో అటు వస్తుంది. బొమ్మకి పర్లేదుగానీ అక్షరాలకి కుదరదు, మన అక్షరాల తలకట్టు, దీర్ఘం అద్దంలో చూసినట్టు రాయాలంటే చేయి ఒప్పుకోదు. పేరో, పద్యపాదమో ప్రింటులో రావాలంటే దాన్ని ముందు కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాసి, ఆ కాగితాన్ని బోర్లించి యాక్రిలిక్ షీట్ కింద పెట్టి, పైనుంచి కనపడినట్టే ఇంకుతో రాయండి.

కాగితం, నొక్కడం

ప్రెస్ మిషన్ లేదు కాబట్టి కాగితం ఎంపికే సగం పని. చేత్తో రుద్ది తీసేటప్పుడు పలచటి, నున్నటి కాగితం పొడిగానే బాగా వస్తుంది, 70 నుంచి 100 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) వరకు. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ముక్కల్లో మ్యాప్‌లితో, అంటే పుస్తకాలు అచ్చువేసే మెరుపు లేని తెల్ల కాగితం, ఉంటే అదే వాడండి. ఆర్ట్ పేపర్ అని పెళ్లి కార్డులకీ క్యాలెండర్లకీ వాడే మెరిసే కాగితం వద్దు, జారిపోతుంది. దళసరి కార్ట్రిడ్జ్ కాగితం వాడాలనుంటే దాన్ని ముందు తడపాలి: రెండు వైపులా నీళ్లు స్ప్రే చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ కవరులో అరగంట ఉంచి, వాడేముందు తువ్వాలుతో అద్దండి. పైన నీటి మెరుపు ఉండకూడదు, చెంపకి ఆనిస్తే చల్లగా అనిపించాలి, అంతే.

కాగితాన్ని ప్లేటు మీద పెట్టాక ఒక అంచు టేపుతో బల్లకి అంటించేయండి, పుస్తకం పేజీ తిప్పినట్టు ఎత్తి చూసుకోవచ్చు, మళ్లీ దించితే అదే చోట కూర్చుంటుంది. ముందు అరచేత్తో మధ్యనుంచి అంచులకి సవరించి, తర్వాత పైన ఇంకో పలచటి కాగితం వేసి, గరిటె వీపుతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. అప్పడాల కర్ర ఆకుల ప్రింట్లకి బాగుంటుందిగానీ ఇలాంటి నున్నటి ప్లేటుకి గరిటెంత ఒత్తిడి ఇవ్వదు. అంగుళం అంగుళం రుద్దాలి. మణికట్టుతో కాకుండా భుజం నుంచి బరువు వేయండి, లేదంటే మూడో ప్రింటుకే చేయి లాగేస్తుంది. మూల ఎత్తి చూడండి, పాలిపోయిన చోట దించి మళ్లీ రుద్దండి.

మొదటి ప్రింటు తీశాక ప్లేటు కడిగేయకండి! ఇంకా ఇంకు మిగిలి ఉంటుంది. దాని మీద తడిపిన కాగితం పెట్టి ఇంకా గట్టిగా రుద్దితే పలచటి నీడలాంటి రెండో ప్రింటు వస్తుంది, దాన్ని ఘోస్ట్ ప్రింట్ అంటారు. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా 300కి పైగా మోనోటైపులు చేశాడు, ఈ రెండో ప్రింటు మీద పేస్టల్ రంగులు వేసి పూర్తి బొమ్మలుగా మార్చడం ఆయన బాగా ఇష్టపడిన పని, 1877లో ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో అలాంటివి పెట్టాడు కూడా. నాకు మొదటి ప్రింటు కన్నా ఈ రెండోదే ఎక్కువ నచ్చుతుంది, ఉదయం మంచులో కృష్ణ ఒడ్డు ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది. దాని మీద పేస్టల్, వాటర్ కలర్ పెన్సిల్, ఉత్త పెన్సిల్ ఏదైనా వేయొచ్చు, ఇంకు పూర్తిగా ఆరాక.

వెనక నుంచి గీయడం

డ్రాయింగ్ బాగా వచ్చినవాళ్లు ఈ పద్ధతికి అతుక్కుపోతారు. చిత్రకారుల్లో పాల్ గొగాఁ జీవితం చివరి ఏళ్లలో, తర్వాత పాల్ క్లే, దీంతోనే చాలా పని చేశారు. ప్లేటు మీద ఇంకు ఎప్పటికన్నా పలచగా పరిచి, దాని మీద న్యూస్ పేపర్ ముక్క ఒకసారి తేలిగ్గా వేసి తీసేయండి, పైపైన ఉన్న తడి పోతుంది. ఇప్పుడు పలచటి కాగితాన్ని చేయి ఆనించకుండా మెల్లగా వాలనివ్వండి. దాని వెనక వైపు బాల్‌పెన్నుతోనో పెన్సిల్‌తోనో గీస్తే, గీసిన చోట మాత్రం కింద ఇంకు అంటుతుంది. కాగితం ఎత్తి తిప్పి చూస్తే నూగు నూగుగా, అంచులు కొంచెం చెదిరిన గీత, పెన్నుతో నేరుగా గీస్తే ఎన్నటికీ రాని గీత.

చేయి ఆనకూడదు, ఆనితే అక్కడ మరక. అందుకు ప్లేటుకి అటూ ఇటూ రెండేసి పుస్తకాలు పెట్టి, వాటి మీద స్కేలు వంతెనలా వేసి, దాని మీద చేయి పెట్టుకుని గీయండి. గీత సన్నగా కావాలంటే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, వెడల్పుగా కావాలంటే మొద్దు పెన్సిల్. నీడ కావాల్సిన చోట వేలి చివరతో సుతారంగా రుద్దండి. ఇక్కడా బొమ్మ తిరగబడుతుంది, అక్షరాలుంటే కిటికీ అద్దానికి ఆనించి తిప్పి దిద్దుకోండి.

గీత కాగితం మీదికి వచ్చేసింది కదా, అంటే ప్లేటు మీద అదే గీత ఖాళీగా మిగిలింది. ఇంకో కాగితం పెట్టి గరిటెతో రుద్దేయండి, నల్లటి నేల మీద తెల్ల గీతలతో అదే బొమ్మ వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఫ్రేమ్ కడితే చాలా బాగుంటుంది.

గోంగూర ఆకు

గుంటూరు వాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను, మీ పెరట్లో ఉన్నంత మంచి స్టెన్సిల్ ఏ ఆర్ట్ షాపులోనూ లేదు. గోంగూర ఆకు చేతి వేళ్లలా చీలి ఉంటుంది, ఈనెలు తేటగా ఉంటాయి. పచ్చిది వెంటనే వాడితే పసరు కారి ఇంకుని చెడగొడుతుంది, అందుకని కాగితాల మధ్య పెట్టి పైన లావుపాటి పుస్తకాలు బరువేసి ఒక రాత్రి ఉంచండి, మెత్తగా ఉండాలి కానీ తడి ఉండకూడదు. మరీ ఎండితే పొడిపొడి అవుతుంది.

ఇంకు పరిచిన ప్లేటు మీద ఆకుని ఈనెల వైపు కిందికి పెట్టి, పైన కాగితం వేసి నొక్కి తీయండి. మొదటి ప్రింటులో నల్లటి నేల మధ్య తెల్లటి ఆకు ఆకారం వస్తుంది. ఇది బాగానే ఉంటుంది, కానీ అసలైంది దీని తర్వాత ఉంది. ఆకుని తోక పట్టుకుని జాగ్రత్తగా ఎత్తేసి, ప్లేటు మీద కొత్త కాగితం పెట్టి గట్టిగా రుద్దండి. ఆకు నొక్కుకున్న చోట ఈనెలు ఇంకుని కొంత ఎత్తుకుపోయాయి, మధ్యలో గుంటల్లో ఇంకు మిగిలిపోయింది, ఆ తేడా మొత్తం, వెంట్రుక మందం ఈనెలతో సహా, కాగితం మీదికి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరైనా ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండిపోతారు, ఆదివారం మా డాబా మీద నేర్చుకోవడానికి వచ్చే పిల్లలైతే ఆకులన్నీ అయిపోయేదాకా వదలరు. ఇక ఎత్తేసిన ఆకుకి ఇంకు అంటుకునే ఉంది, దాన్ని తిప్పి తెల్ల కాగితం మీద అద్దితే మూడో ప్రింటు. ఒక్కసారి ఇంకు పరిచినందుకు మూడు.

ఆముదం, బొప్పాయి, రావి, సీతాఫలం, అన్నీ చేసి చూడండి. మునగాకు చిన్న చిన్న ఆకులు కాబట్టి రెమ్మ మొత్తం పెట్టాలి. టేకాకు గరుకు వల్ల దాని అచ్చు మట్టి నేలలా వస్తుంది. ఆకులే కానక్కర్లేదు, నేత బట్ట పోగులు, లేస్, ఉల్లిపాయలు అమ్మే వల సంచి, కత్తిరించిన కాగితం ఆకారాలు, పలచగా ఉన్నదేదైనా పనికొస్తుంది. మంగళగిరి చీర అంచు ముక్క పెట్టి తీసి చూశాను, నేతలో పోగు పోగు లెక్కపెట్టేలా వచ్చింది.

ఎండ, ఫ్యాను, యాక్రిలిక్

మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం యాక్రిలిక్‌తో మోనోప్రింట్ చేయాలని కూర్చుంటే రంగు పరిచిన నిమిషానికే పలక మీద తోలు కట్టేస్తుంది. ఇంటర్నెట్‌లో చల్లటి దేశాల వాళ్లు చేసే వీడియోలు చూసి, తమకి చేతకావడం లేదని మానేసిన వాళ్లని చూశాను. చేతకాకపోవడం కాదు, గాలి వేడి అది. ఫ్యాను కట్టేయాలి, ఇది తప్పదు, ఫ్యాను గాలే రంగుని అన్నిటికన్నా తొందరగా ఆరబెడుతుంది. ఉదయం ఎనిమిది లోపు పని ముగించుకోవాలి. రంగులో నాలుగైదు చుక్కల గ్లిజరిన్ కలిపితే కాస్త సమయం దొరుకుతుంది, ఎక్కువ కలిపితే ప్రింటు రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. కాగితం తడిపి పెట్టుకుంటే పలక మీద కాస్త ఆరిన రంగు కూడా లేస్తుంది. జులై నుంచి గాలిలో తేమ పెరుగుతుంది, యాక్రిలిక్ పని అప్పుడు హాయిగా సాగుతుంది. ఆయిల్ ఇంకుకి ఏ కాలమైనా పర్లేదు, వానల్లో ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

జెల్ ప్లేట్ అడిగిన వాళ్లకి ఇప్పుడు చెబుతాను. ఇంట్లోనే చేసుకోవచ్చు. జెలటిన్ పొడి 60 గ్రాములు, గ్లిజరిన్ 250 మిల్లీలీటర్లు, నీళ్లు 250 మిల్లీలీటర్లు. జెలటిన్ బేకరీ సామాను అమ్మే కొట్లలో ఉంటుంది, గ్లిజరిన్ మందుల షాపులో దొరుకుతుంది. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు, శాకాహారులు ఇంట్లో చేసేముందు ఆలోచించుకోండి. గ్లిజరిన్‌లో పొడి కలిపి పది నిమిషాలు నానబెట్టి, మరిగిన నీళ్లు పోసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపి, పూర్తిగా కరిగాక చదునైన ట్రేలో సెంటీమీటరు మందాన పోయండి. పైన తేలే బుడగల్ని కాగితం ముక్కతో లాగేయండి. ఒక రాత్రి కదపకుండా ఉంచితే గట్టిపడుతుంది. మెత్తటి పలక కాబట్టి అరచేయి ఒత్తిడి చాలు, ఆకుల అచ్చులు అద్భుతంగా వస్తాయి, యాక్రిలిక్ రంగే వాడాలి. గాయాలు పడితే ముక్కలు చేసి వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. అయితే వేడికి ఇది మెత్తబడుతుంది. ఒకసారి ఎండాకాలం క్లాసు చెప్పడానికి ఇక్కడి నుంచి గుంటూరుకి బస్సులో ట్రేతో పట్టుకెళ్లాను, దిగేసరికి ఒక మూలకి జారిపోయి వంకరగా ఉంది, ఆ రోజు పిల్లలకి చూపించలేకపోయినందుకు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఐస్ పెట్టెలో పెట్టుకునే తీసుకెళ్తున్నాను. చైనా గ్రాస్‌తో కూడా చేయొచ్చు, వేడికి తట్టుకుంటుంది, కానీ పెళుసు, రెండు మూడు రోజుల్లో విరిగిపోతుంది.

వాటర్ కలర్స్ మాత్రమే ఉన్నవాళ్లకి ఒక దారి ఉంది. యాక్రిలిక్ షీట్‌ని సన్నటి ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేసి, తుమ్మజిగురు నీళ్లలో కరిగించి పలచగా పూసి ఆరబెట్టండి. దాని మీద వాటర్ కలర్‌తో తీరిగ్గా బొమ్మ వేసి, అదీ పూర్తిగా ఆరనిచ్చి, బాగా తడిపిన దళసరి కాగితం పెట్టి గరిటెతో ఓపిగ్గా రుద్దండి. కాగితంలోని తడికి జిగురు కరిగి రంగుతో సహా లేచి వస్తుంది. ఆరినా పర్లేదన్న పద్ధతి ఇదొక్కటే, అందుకే మన ఎండాకాలానికి నాకు ఇదంటే ఇష్టం.

ఇప్పటికే పని చేస్తున్న చిత్రకారులకి

మీకు మొదట చెప్పాల్సింది చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారి గురించి. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో కళాకారుడు హేటర్ నడిపిన ప్రింట్ స్టూడియో అటెలియర్ 17లో పని చేస్తూ, ఒకే పలక మీద అనేక రంగులు ఒకేసారి ప్రింటు చేసే విస్కాసిటీ (అంటే ఇంకు చిక్కదనం) పద్ధతిని ఎదిగించిన మనిషి మన తెలుగువాడు. ఆయన లోతుగా చెక్కిన లోహపు పలకల మీద, గట్టివీ మెత్తవీ రోలర్లతో చేశారు. ఆ సూత్రం మాత్రం చదును ప్లేటు మీద కూడా పట్టుబడుతుంది. ఒక రంగులో లిన్సీడ్ ఆయిల్ ఎక్కువ కలిపి, పలచగా, తేనె కారినట్టు కారేలా చేయండి. రెండో రంగుని గట్టిగానే ఉంచండి. పలచటి రంగుతో ముందు ఆకారాలు వేసి, గట్టి రంగు పట్టించిన రోలర్‌ని దాని మీదుగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దొర్లించండి. నూనె ఎక్కువున్న చోట గట్టి ఇంకు అంటదు, మిగతా చోట్ల అంటుతుంది, రెండు రంగులూ కలవకుండా పక్కపక్కనే నిలబడతాయి. రెండోసారి దొర్లిస్తే బురదే. వరస తిప్పి, గట్టిది ముందు వేస్తే రంగులు కలిసిపోతాయి, అది కూడా ఒకసారి కావాలనే చేసి చూడండి.

ప్రెస్సు ఇంకుల్లో ఎల్లో, మెజెంటా, సయాన్ పారదర్శకమైనవి, ఒకదాని మీద ఒకటి పడితే కింది రంగు కనపడుతుంది. అందుకని పొరలుగా కట్టేవాళ్లకి వీటికన్నా చవకైన మంచి రంగులు లేవు. ఎల్లో ముందు, ఆరాక మెజెంటా, ఆపైన సయాన్. ప్లేటు చోటు, కాగితం చోటు రెండూ బల్ల మీద టేపుతో గుర్తు పెట్టుకోకపోతే పొరలు జరుగుతాయి. నా అభిప్రాయం అడిగితే, మూడు పొరలు దాటితే మోనోప్రింట్‌లోని తాజాదనం పోతుంది.

తుడవడం, ఆరబెట్టడం, దాచడం

ఆయిల్ ఇంకుకి కిరసనాయిలు, థిన్నర్ అక్కర్లేదు. గుడ్డకి వంటనూనె పోసి రుద్దితే లేచిపోతుంది, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు, నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, మన ఎండల్లో మరీను. తీగ మీద విడిగా ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.

ప్రింట్లని బట్టల తీగకి క్లిప్పులతో నీడలో వేలాడదీయండి. పలచగా తీసినవి మూడు నాలుగు రోజుల్లో, ఇంకు ఎక్కువ పడినవి వారం పైన ఆరతాయి. వేలితో ముట్టుకుంటే మరక రాకపోయినా, రెండిటిని ఒకదాని మీద ఒకటి పెట్టేముందు ఇంకో రెండు రోజులు ఆగండి. బొమ్మ కింద పెన్సిల్‌తో ఎడమ వైపు 1/1 అని, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం. ఘోస్ట్ ప్రింటుకి విడిగా మళ్లీ 1/1 రాయండి, అది మొదటిదానికి కాపీ కాదు. ప్రతి ప్రింటు వెనక మూలన ఏ ఇంకు, ఎన్ని చుక్కల నూనె, ఏ కాగితం, తడిదా పొడిదా, ఏ నెల అని చిన్నగా రాసి పెట్టండి, ఆరు నెలల తర్వాత మళ్లీ అలాంటిది తీయాలంటే ఆధారం అదొక్కటే. మధ్యలో బటర్ పేపర్ వేసి ఫైలులో పెట్టి, నేలకి ఎత్తుగా, బయటి గోడకి ఆనకుండా దాచండి. వానాకాలంలో గోడ చెమ్మకి బూజు పడుతుంది, కాబట్టి నెలకోసారి బయటికి తీసి ఒక పూట గాలికి పెట్టండి, ఎండకి మాత్రం వద్దు.